అనిమోన్ కాలు నిలిచేదాకా

పగడాలూ సముద్రపు చేపలూ పెంచే ఉప్పునీళ్ళ తొట్టె, అంటే రీఫ్ ట్యాంకు, పెట్టుకున్న ఇళ్ళలో తరచూ జరిగే కథ ఒకటుంది. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన సీ అనిమోన్, పువ్వులా కనిపించే సముద్రపు జీవి, ఇంటికొస్తుంది. ట్యాంకు నడిమధ్యన, అందరికీ కనిపించే రాయి మీద దాన్ని కూర్చోబెడతారు. లైట్లు ఆరేదాకా అక్కడే ఉంటుంది. తెల్లారి చూస్తే రాయి ఖాళీ. వెతగ్గా వెతగ్గా వెనక అద్దానికి, కింద మూలన ముడుచుకుని కనిపిస్తుంది. అక్కడుంటే ఎవరికి కనిపిస్తుంది అనుకుని మెల్లగా ఊడదీసి మళ్ళీ రాయి మీద పెడతారు. మర్నాడు ఇంకో మూల. మూడో రోజు నీళ్ళు తిప్పే పంపులో ముక్కలై దొరుకుతుంది.

ఇందులో అనిమోన్ తప్పేమీ లేదు. పూలకుండీలాగా మనకు నచ్చిన చోట పెట్టొచ్చనుకోవడమే పొరపాటు. పగడాన్నయితే జిగురు పెట్టి రాతికి అంటించవచ్చు. అనిమోన్‌కి కాలుంది, ఆ కాలు తనకు నచ్చిన చోటే నిలుస్తుంది. అది లేచి నడవాల్సిన అవసరం రాకుండా చూడటం ఒక్కటే మన చేతిలో ఉన్న పని. వెలుతురు, ఉప్పు, ప్రవాహం, తిండి అంటూ విడివిడిగా వినిపించే సలహాలన్నీ చివరికి ఈ ఒక్క పని కోసమే.

నీళ్ళ సంచి, లోపల పంట

చూడటానికి పువ్వులా ఉన్నా అనిమోన్ జంతువు. జెల్లీఫిష్‌కీ పగడాలకీ బంధువు. ఎముక లేదు, పెంకు లేదు. నీళ్ళు నింపుకున్న సంచి లాంటి ఒళ్ళు, ఆ నీటి ఒత్తిడితోనే నిలబడుతుంది. నీళ్ళు వదిలేస్తే గాలి తీసిన బుడగలా కుంగిపోతుంది. పైన వేళ్ళలాంటి స్పర్శకాలు, వాటి మధ్యలో నోరు, అడుగున బల్లపరుపుగా ఉండే కాలు. తినేది ఏ నోటితోనో, మిగిలిన చెత్తను బయటికి పంపేదీ ఆ నోటి నుంచే. మెదడు లేదు, ఒళ్ళంతా పరుచుకున్న నాడుల వల మాత్రం ఉంది. స్పర్శకాల నిండా దంశకణాలు. ఒక్కో కణంలో చుట్ట చుట్టిన సన్నటి దారం ఉంటుంది, ఏదైనా తగలగానే అది ఈటెలా బయటికి దూసుకొచ్చి విషం ఎక్కిస్తుంది. కార్పెట్ అనే రకం అనిమోన్‌ని ముట్టుకుంటే వేలికి అంటుకుపోయినట్టు ఉండేది ఈ దారాల వల్లనే.

ఇదంతా బడి పాఠంలా ఉంది గానీ, ట్యాంకు ముందు కంగారుగా నిలబడ్డ రోజున ప్రతి ముక్కా అక్కరకొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. స్పర్శకాల మధ్య కాపురముండే క్లౌన్‌ఫిష్ అనే చేపలకు ఇల్లయ్యే అనిమోన్లన్నిటి కణజాలంలో కంటికి కనపడనంత చిన్న నాచు బతుకుతుంది. దాన్ని జూక్సాంథెల్లే అంటారు. దీన్ని కౌలు వ్యవహారం అనుకోండి. చోటు అనిమోన్‌ది. కార్బన్ డయాక్సైడూ, తన ఒంట్లో తయారయ్యే నైట్రోజన్ వ్యర్థాలూ ఎరువుగా ఇస్తుంది. నాచు వెలుతురుతో చక్కెరలు వండుకుని, అందులో పెద్ద వాటా చోటిచ్చిన దానికి కౌలుగా చెల్లిస్తుంది. అనిమోన్ రోజువారీ ఖర్చులో చాలాభాగం ఈ కౌలుతోనే గడిచిపోతుంది. మనం అప్పుడప్పుడూ పెట్టే రొయ్య ముక్క పండగ భోజనం లాంటిది, అంతే.

అంటే అనిమోన్‌ని పెంచడమంటే సగానికి పైగా దాని ఒంట్లోని పంటను పెంచడమే. గోధుమ రంగో, తేనె రంగో, ఆకుపచ్చ కలిసిన ముదురు ఛాయో కనిపిస్తే పంట బాగుందన్న మాట. తళతళలాడే తెల్లటి అనిమోన్ అమ్మకానికి కనిపించిందంటే ఆ పొలం బీడు పడిపోయింది. చాలామంది ఆ తెలుపును చూసే ముచ్చటపడి కొంటారు. ఆకలితో ఉన్న జంతువుకు డబ్బిచ్చి తెచ్చుకుంటున్నామని వాళ్ళకు చెప్పేవాళ్ళుండరు. తెల్లబడినవి కోలుకోవని కాదు. మధ్యరకం వెలుతురులో, చిన్న చిన్న ముక్కలు తినిపిస్తూ నెలల తరబడి ఓపిక పడితే రంగు తిరిగొచ్చినవి ఉన్నాయి. కానీ అది మొదటిసారి పెంచేవాళ్ళు తలకెత్తుకోవాల్సిన పని కాదు.

వెలుతురు ఎక్కువైనా కష్టమే

నాచుకు వెలుతురు కావాలి కాబట్టి ఎంత ఎక్కువైతే అంత మంచిదనే లెక్క తప్పుతుంది. నాచు తట్టుకోగలిగినదానికన్నా వెలుతురు పెరిగితే, ఆ మిగులు శక్తి కణంలో ఆక్సిజన్‌ని మంట పెట్టే రూపంలోకి మారుస్తుంది. ఆ రసాయనాలు నాచునీ దెబ్బతీస్తాయి, ఆశ్రయమిచ్చిన జంతువునీ దెబ్బతీస్తాయి. అప్పుడు అనిమోన్ తన పంటను తానే బయటికి ఉమ్మేస్తుంది. నీళ్ళు మరీ వేడెక్కినప్పుడు సముద్రంలో పగడాలు తెల్లబడేదీ ఇంచుమించు ఇదే దారిలో.

మొక్కలకూ నాచుకూ పనికొచ్చే వెలుతురును పార్ అనే కొలతలో చెబుతారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుతురు కణాలు ఒక చోట ఎన్ని పడుతున్నాయన్న లెక్క అది. ఇళ్ళలో ఎక్కువగా పెంచే బబుల్ టిప్ అనే జాతి అనిమోన్‌ని చాలామంది 150 నుంచి 250 పార్ మధ్య హాయిగా పెంచుతున్నారు. కార్పెట్ జాతులకూ మాగ్నిఫికా అనిమోన్‌కూ ఇంకాస్త గట్టి వెలుతురు కావాలి. ఈ అంకెల కన్నా ముఖ్యమైంది, అది నిన్నటిదాకా ఎంత వెలుతురులో ఉందన్నది. మసక వెలుతురు తొట్టెలో వారాల తరబడి ఉన్నదాన్ని తెచ్చి ఒక్కసారిగా మీ ఎల్ఈడీ కింద పెడితే, చీకటి గదిలోంచి మిట్టమధ్యాహ్నం ఎండలోకి తోసినట్టే. లైటును సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఇప్పటి లైట్లు చాలావాటిలో దీనికి ఒక సెట్టింగే ఉంటుంది. లేకపోతే లైటును పైకి ఎత్తి కట్టినా సరిపోతుంది.

ట్యాంకు వయసు అసలు దేన్ని కొలుస్తుంది

ట్యాంకు పెట్టి ఆరునెలలైనా కానిదే అనిమోన్ వద్దు, ఏడాదైతే ఇంకా మంచిది అన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. చాలామంది దీన్ని పెద్దల చాదస్తంలా కొట్టిపారేస్తారు. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా వచ్చాయి కదా, ఇంకేం కావాలంటారు. ఆ సున్నాలు నాలుగైదు వారాల్లోనే రావచ్చు. చేపల వ్యర్థాన్ని అమోనియా నుంచి నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకున్నాయని మాత్రమే వాటికి అర్థం. ఆ నీళ్ళలో చేప బతుకుతుంది. అనిమోన్ అడిగేది అంతకన్నా ఎక్కువ. నిన్న ఎలా ఉన్నాయో నీళ్ళు ఇవాళా అలాగే ఉండాలి.

ఎందుకంటే చేప తన ఒంట్లోని ఉప్పును తాను సర్దుకోగలదు, అనిమోన్‌కి ఆ ఏర్పాటు లేదు. బయటి నీళ్ళ ఉప్పదనం ఎంతో లోపలా అంతే. ఒక చిన్న లెక్క చూడండి. సముద్రపు నీటిలో కిలోకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 100 లీటర్ల ట్యాంకులో రెండు లీటర్లు ఆవిరైతే నీళ్ళే పోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. 35 కాస్తా 35.7 అవుతుంది. రెండు రోజులు ఊరెళ్ళి ఆరు లీటర్లు ఆవిరైతే 37 దాటుతుంది. తిరిగొచ్చి కంగారుగా ఒకేసారి ఆరు లీటర్ల మంచినీళ్ళు పోస్తే మళ్ళీ ఒక్క గంటలో 35కి పడిపోతుంది. చేపలకు పెద్దగా ఏమీ కాదు. ఒళ్ళే నీళ్ళ సంచి అయిన అనిమోన్‌కి మాత్రం లోపలి పొంతనంతా రెండుసార్లు తారుమారవుతుంది. నీళ్ళు తగ్గిన కొద్దీ ఆర్ఓ నీళ్ళను తనంతట తానే నింపే ఆటో టాప్ ఆఫ్ పరికరం నా దృష్టిలో ఖరీదైన లైటు కన్నా ముందు కొనాల్సినది. ఉప్పదనాన్ని రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోండి, ఆ పరికరాన్నే అప్పుడప్పుడూ సరిచూడండి. పరికరమే తప్పు చెబుతూ ఏడాది గడిపేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నీళ్ళ వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. ఒక డిగ్రీ అటూ ఇటూ ఫర్వాలేదు గానీ, పగలు 29, రాత్రి 24 అన్నట్టు ఊగకూడదు. చిన్న ట్యాంకులో ఈ ఊగిసలాట ఎక్కువ, అందుకే అనిమోన్‌కి పెద్ద ట్యాంకు అంటారు. కాల్షియం, ఆల్కలినిటీ గురించి పగడాలు పెంచేవాళ్ళు పడే టెన్షన్ అనిమోన్ కోసం అంతగా పడక్కర్లేదు. రాతి అస్థిపంజరం కట్టుకునే జీవి కాదు కాబట్టి అంకె కన్నా నిలకడే దానికి కావలసింది.

ఇంకో సంగతి. నీళ్ళు మరీ శుభ్రంగా ఉండటం కూడా మంచిది కాదు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తే ఒంట్లోని పంటకు ఎరువు లేనట్టే. లీటరుకు నైట్రేట్ 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే చాలు. చేపలు తిరిగే పాత ట్యాంకులో ఇవి వాటంతటవే కుదురుతాయి. ఆరునెలల మాట వెనక ఉన్నది ఇదంతానే. ఆ ఆరునెలల్లో కుదురుకోవాల్సింది నీళ్ళు ఒక్కటే కాదు, వాటిని చూసుకునే మన చెయ్యి కూడా.

ఏది తెచ్చుకోవాలి

అనిమోన్లు వెయ్యికి పైగా జాతులు. అందులో క్లౌన్‌ఫిష్‌లకు ఆశ్రయమిచ్చేవి పది మాత్రమే. ఇళ్ళలో మొదటిసారి పెంచడానికి వాటిలో నేను ఒప్పుకునేది ఒక్కటే, బబుల్ టిప్. స్పర్శకాల కొసలు బుడగల్లా ఉబ్బుతాయి కాబట్టి ఆ పేరు. మన ట్యాంకుల్లో తేలిగ్గా రెండుగా చీలుతుంది కాబట్టి, సముద్రంలోంచి పట్టి తెచ్చింది కాకుండా ఇంకొకరి ట్యాంకులో పుట్టి పెరిగినది దొరుకుతుంది. అలాంటిదానికి అద్దాల గోడలూ, ఎల్ఈడీ వెలుతురూ, కలుపుకున్న ఉప్పునీళ్ళూ కొత్త కావు. బుడగలు పోయి స్పర్శకాలు పొడుగ్గా సాగినా జబ్బు చేసిందని హైరానా పడొద్దు. బుడగలు వస్తుంటాయి, పోతుంటాయి.

మిగతావాటి తీరు వేరు. హాడ్డోనీ కార్పెట్‌కి లోతైన ఇసుక కావాలి, నిద్రమత్తులో పక్కకొచ్చిన చేపను మింగేస్తుంది కూడా. మాగ్నిఫికా రాతి కొమ్ముకెక్కి గట్టి ప్రవాహంలో కూర్చోవాలని చూస్తుంది, కుదరకపోతే ట్యాంకంతా తిరుగుతుంది. లాంగ్ టెంటకిల్ అనిమోన్, సెబే అని అమ్మేవి ఇసుకలో కాలు దించి అడుగున ఉన్న రాతిని పట్టుకుంటాయి. వీటిలో కొన్ని అర మీటరు వెడల్పుకు పెరుగుతాయి, మాగ్నిఫికా ఇంకా పెద్దదవుతుంది. సెబేకి పచ్చటి పసుపో, వంకాయ రంగో, గులాబీయో పూసినట్టుగా ఒళ్ళంతా ఒకే ఛాయ కనిపిస్తే అది రంగు వేసినది కావచ్చు. తెల్లబడిన దానికి రంగెక్కించి అమ్మే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది.

క్లౌన్‌ఫిష్ కోసమే అనిమోన్ తెస్తున్నారా? అయితే ఒక్క మాట. అందరికీ తెలిసిన నారింజ, తెలుపు చారల ఒసెల్లారిస్ సముద్రంలో బబుల్ టిప్‌లో కాపురం ఉండదు. దాని ఇళ్ళు మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సీ అనే మూడే. ట్యాంకులో మాత్రం చాలాసార్లు బబుల్ టిప్‌కే సర్దుకుంటుంది. నెలల తరబడి దాని వైపు కన్నెత్తి చూడకుండా, అలలు పుట్టించే పంపు వేవ్‌మేకర్ పక్కన పడుకునేవీ ఉన్నాయి. మెరూన్ క్లౌన్, టొమాటో క్లౌన్ అయితే సముద్రంలోనూ బబుల్ టిప్‌లోనే ఉంటాయి. ఇక అసలు మాట, అనిమోన్ బతకడానికి క్లౌన్‌ఫిష్ అక్కర్లేదు, ట్యాంకులో క్లౌన్‌ఫిష్ బతకడానికి అనిమోన్ అక్కర్లేదు.

కొనేటప్పుడు ముందు నోరు చూడండి. బిగువుగా మూసుకుని ఉండాలి. నోరు వదులుగా తెరుచుకుని, లోపలి పొర బయటికి వేలాడుతుంటే దాన్ని అక్కడే వదిలేయండి. తర్వాత కాలు. దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండాలి, చిరుగులు ఉండకూడదు. రాతికో అద్దానికో గట్టిగా అతుక్కున్నదాన్ని హడావుడిగా లాగితే కాలు చిరుగుతుంది, ఆ చిరుగులోంచి చెడు మొదలవుతుంది. వీలైతే అది పట్టుకున్న రాయితో సహా తెచ్చుకోండి. స్పర్శకాలను వేలితో అలా తాకితే అతుక్కోవాలి, వెనక్కి లాక్కోవాలి. తాకించుకుని ఊరుకునేదాంట్లో ప్రాణం తక్కువ. కంటికి, ముఖానికి ఆ చెయ్యి తగలనివ్వకండి, గ్లౌజులుంటే మంచిది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ జీవి ఆయుష్షు చిన్నది కాదు. స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి పరిశీలకుడు 1828లో నార్త్ బెర్విక్ తీరంలో ఒక చిన్న ఎర్రటి అనిమోన్‌ని ఏరి తెచ్చి గాజు పాత్రలో పెట్టుకున్నాడు. ఆయన 1851లో పోయాడు. అది చేతులు మారుతూ 1887 దాకా బతికింది, అందరూ దాన్ని గ్రానీ అని పిలిచేవారు. అది చల్లటి సముద్రాల జాతి, ఒంట్లో నాచు పెంచుకునేది కాదు, మన బబుల్ టిప్‌తో నేరుగా పోల్చలేం. అయినా పంపులూ లైట్లూ లేని కాలంలో, నీళ్ళు మారుస్తూ వచ్చిన ఒక గాజు పాత్రలో అరవై ఏళ్ళ దగ్గర గడిపింది. మన ట్యాంకుల్లో మొదటి ఏడాది దాటని అనిమోన్లు వయసైపోయి పోతున్నవి కావు.

తెచ్చిన రోజు

అనిమోన్ ఇంట్లోకి రాకముందే పంపుల పని చూసేయాలి. నీళ్ళు తిప్పే ప్రతి పంపు (పవర్‌హెడ్) నోటికీ స్పాంజో, సన్నటి వలో తొడగాలి. నీళ్ళు పొర్లి బయటికి పోయే ఓవర్‌ఫ్లో పళ్ళ మధ్య సందులు, హీటర్ చుట్టూ ఉన్న చోటు కూడా చూడండి. హీటర్ మీద కూర్చుని ఒళ్ళు కాల్చుకున్నవి ఉన్నాయి. మా ట్యాంకులో రెండు వారాలు కదలకుండా కూర్చున్న బబుల్ టిప్‌ని చూసి, ఇక కుదురుకుందిలే అని వేవ్‌మేకర్‌కి స్పాంజి తీసేశాను. స్పాంజి ఉంటే ప్రవాహం తగ్గుతోందని నా బాధ. నాలుగో రోజు పొద్దున ట్యాంకు నిండా మబ్బులా తేలుతున్న ముక్కలు చూశాక ఆ బాధ తీరిపోయింది. దాంతోపాటు ఒక గోబీ చేప కూడా పోయింది. చిరిగిన అనిమోన్ నీళ్ళలోకి దంశకణాలనీ, కుళ్ళే మాంసాన్నీ ఒకేసారి వదులుతుంది.

సంచిని ట్యాంకులో తేలనిచ్చి వేడి సమానమయ్యాక, సన్నటి గొట్టంతో ట్యాంకు నీళ్ళు బొట్లు బొట్లుగా ఎక్కించండి. గంట, గంటన్నర. గడియారం కన్నా రిఫ్రాక్టోమీటర్‌ని నమ్మండి, రెండు నీళ్ళ ఉప్పదనం కలిశాకే ఆపాలి. సంచిలో వచ్చిన నీళ్ళు ట్యాంకులో పోయొద్దు. ట్యాంకులో ఎప్పుడైనా రాగి కలిసిన మందు వాడి ఉంటే అనిమోన్ ఆలోచనే మానుకోండి. రాగి రాళ్ళలో, ఇసుకలో మిగిలిపోయి వెన్నెముక లేని జీవులను చంపుతుంది.

తర్వాత చోటు. బబుల్ టిప్‌కి కావలసింది లోతుగా కాలు దాచుకునే రాతి సందు. కాలు చీకట్లో, తల వెలుతుర్లో ఉండాలని చూస్తుంది. పిడికిలి పట్టేంత బొరియ ఉన్న రాయిని ముందే ఎంచి, మిగతా రాళ్ళకు దూరంగా, చుట్టూ ఇసుక మిగిల్చి ఒంటరి దిబ్బలా పెట్టడం నాకు తెలిసిన మంచి ఉపాయం. ఇసుక మీద నడవడం బబుల్ టిప్‌కి పెద్దగా ఇష్టం ఉండదు కాబట్టి, తిరిగినా ఆ దిబ్బ మీదే తిరుగుతుంది. తిరిగి తీరుతుందనీ కాదు, తిరగదనీ కాదు. నేను చెప్పేది అవకాశం గురించే. పగడాలను ఆ దిబ్బకు ఒక జానెడు దూరంలోనైనా ఉంచండి, దాని స్పర్శ తగిలిన పగడం కాలిపోయినట్టు అవుతుంది.

వేవ్‌మేకర్లు ఆపేసి, లైటు తగ్గించి, కాలు సందు వైపు ఉండేలా మెల్లగా దించండి. పట్టు దొరకడానికి ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి కొన్ని గంటలు. పట్టు చిక్కకుండా దొర్లిపోతుంటే, రంధ్రాలున్న ప్లాస్టిక్ గిన్నెలో రాతి ముక్కలు వేసి అందులో ఉంచండి, ఒక ముక్కను పట్టుకున్నాక ఆ ముక్కతోపాటు కావలసిన చోటికి చేర్చొచ్చు. పట్టుకున్నాక ప్రవాహం మెల్లగా పెంచాలి. ఆ రోజుకి ఇక చేతులు ట్యాంకులో పెట్టకండి. అన్నిటికన్నా కష్టమైన సలహా ఇదే.

నడక

నడుస్తోందంటే ఏదో నచ్చలేదని. లైటుకు దూరంగా, రాతి కిందికి పోతుంటే వెలుతురు ఎక్కువైందేమో చూడాలి. అద్దం ఎక్కి నీళ్ళ పైకొసకు చేరుతుంటే వెలుతురు చాలలేదేమో. పంపు ఎదురుగా ఉన్న ముఖం వదిలి రాతి వెనక్కి పోతే ప్రవాహం. ఏ దిక్కూ లేకుండా రోజూ తిరుగుతుంటే ముందు ఉప్పు, వేడి, అమోనియా కొలవండి. కొత్తగా వచ్చినది మొదటి వారం పది రోజులు నడవడం మామూలే. దాన్ని వదిలేయాలి. నచ్చని చోటికి పోతే వెనక్కి తెచ్చిపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. దాన్ని ఊడదీసిన ప్రతిసారీ కాలికి గాయం అవ్వచ్చు, మళ్ళీ అతుక్కోవడానికి శక్తి ఖర్చు. అది వెళ్ళిన చోటు మనకు అందంగా లేదన్నది మన సమస్య. దాని కోసం రాళ్ళనీ లైటునీ మనమే జరుపుకోవాలి.

తప్పనిసరిగా కదపాల్సి వస్తే, పంపు పక్కకో పగడాల మధ్యకో పోతున్నప్పుడు, కత్తీ బ్లేడూ జోలికి పోకండి. పట్టుకున్న రాయి కదిలేదైతే రాయితోనే జరపండి. లేకపోతే చిన్న పంపు నీళ్ళ ధారను కాలి మీదికి తిప్పి ఉంచితే కొన్నిసార్లు దానంతట అదే వదులుతుంది. అద్దానికున్నదాన్ని గోరుతోనో, పాత ప్లాస్టిక్ కార్డుతోనో ఒక అంచు నుంచి మిల్లీమీటరు చొప్పున లేపాలి. పావుగంట పట్టినా పట్టనివ్వండి.

కుంగిపోయింది, చచ్చిపోయిందా?

మొదటి వారంలో అందరికీ గుండె జారే ఘట్టం ఇది. పొద్దున పళ్ళెమంత విప్పారిన అనిమోన్ సాయంత్రానికి పిడికెడు ముద్దయి, నోటి నుంచి గోధుమ రంగు తీగలాంటిది వదులుతుంటుంది. ముందే చెప్పినట్టు దానికి ఉన్నది ఒకే దారి. పాత నీళ్ళనీ, తిన్నదాని చెత్తనీ, పాతబడిన నాచునీ అదే దారిన పంపి మళ్ళీ కొత్త నీళ్ళు నింపుకుంటుంది. రాత్రిళ్ళు ముడుచుకోవడమూ మామూలే. కొన్ని గంటల్లో, మహా అయితే ఒక రోజులో మళ్ళీ విప్పారితే చింత లేదు.

రోజుల తరబడి ఉబ్బడం, కుంగడం మాటిమాటికీ జరుగుతూ, నోరు వదులైపోతుంటే అది బాక్టీరియా సోకిన లక్షణం కావచ్చు. సముద్రంలోంచి కొత్తగా దిగుమతి అయిన మాగ్నిఫికా, జైగాంటియాల్లో ఇది ఎక్కువ. కొందరు వేరే తొట్టెలో పెట్టి యాంటీబయాటిక్‌తో వైద్యం చేస్తారు. అదే మందు రీఫ్ ట్యాంకులో వేస్తే నీళ్ళను శుభ్రం చేసే బాక్టీరియా కూడా పోతాయి, ఆ పొరపాటు చేయొద్దు.

చచ్చిపోయిందో లేదో తేల్చేది రెండే. ఒకటి, కాలు దేన్నీ పట్టుకోదు, తాకితే ఒళ్ళు జిగురులా విడిపోతుంది. రెండు, వాసన. ఒక కప్పుతో నీళ్ళతో సహా తీసి పైకి పెడితే చాలు, ముక్కుకి సందేహం మిగలదు. అప్పుడు ఆలస్యం చేయకుండా బయటికి తీసి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, నీళ్ళు మార్చి, రెండు రోజులు అమోనియా చూసుకోవాలి. ఆ పరిమాణంలో మాంసం కుళ్ళితే చిన్న ట్యాంకు మొత్తం ఒక్క రాత్రిలో పోగలదు.

తిండి, చుట్టాలు

మొదటి వారం ఏమీ పెట్టొద్దు. కాలు నిలిచి, ఒళ్ళు విప్పారి, స్పర్శకాలు జిగురుగా ఉన్నాయనిపించాక చిటికెన వేలి గోరంత రొయ్య ముక్కో, కాసిని మైసిస్ రొయ్యలో ఇచ్చి చూడండి. పట్టుకుని నోటికి చేర్చుకుంటే వారానికి ఒకటి రెండు సార్లు చాలు. పెద్ద ముక్క మింగి, మర్నాడు సగం అరిగి సగం అరగనిది కక్కిందంటే మనం ఎక్కువ పెట్టాం. ప్రేమ ఎక్కువై తినిపించడం వల్ల చెడిపోయిన నీళ్ళే ఎక్కువ.

క్లౌన్‌ఫిష్ దాంట్లోకి చేరితే ఇద్దరికీ లాభమే. చేప వదిలే అమోనియా ఒంట్లోని పంటకు ఎరువు. రాత్రిపూట స్పర్శకాల మధ్య చేప రెక్కలు ఆడించడం వల్ల నీళ్ళు కదిలి అనిమోన్‌కి ఆక్సిజన్ అందుతుంది. కానీ అరచేయంత అనిమోన్‌లో పెద్ద మెరూన్ క్లౌన్ జంట దొర్లుతుంటే అది పొద్దస్తమానం ముడుచుకునే ఉంటుంది, పెట్టిన ముక్కను కూడా చేపే లాక్కుపోతుంది. అలాంటప్పుడు అనిమోన్ చేప కన్నా రెండు మూడింతలు పెరిగేదాకా రంధ్రాలున్న డబ్బా అడ్డం పెట్టి రెంటినీ విడిగా ఉంచడం మేలు. తిండి పెట్టేటప్పుడు చేపకు ముందు పెట్టి, తర్వాత దీనికి పెట్టండి.

నెలలు గడుస్తాయి. నడక ఆగిపోతుంది, కాలు ఏ సందులో ఉందో కూడా కనిపించనంతగా దిగిపోతుంది. ఇలాంటి రోజుల్లోనే ఒక పొద్దున, చాలాసార్లు పెద్దగా నీళ్ళు మార్చిన మర్నాడో, బాగా తిన్న వారం తర్వాతో, అనిమోన్ ఒళ్ళు నడుమ సాగదీసినట్టు సన్నబడి, రెండు వైపులకీ రెండు కాళ్ళు లాక్కుంటూ కనిపిస్తుంది. రెండుగా చీలుతోంది. అది కొన్ని గంటలు పట్టొచ్చు, ఒకటి రెండు రోజులూ పట్టొచ్చు. మనం చేయాల్సింది ఏమీ లేదు. చీలిన అంచులు మానేదాకా తిండి కూడా వద్దు. రెండిట్లో ఒకటి పాత సందులోనే ఉండిపోతుంది. రెండోది మాత్రం ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ప్రవాహానికి అడ్డమని పంపు స్పాంజి తీసి పక్కన పడేసి ఉంటే, దాన్ని వెతికి మళ్ళీ తొడగాల్సింది ఆ సాయంత్రమే.